ఆఫీసు కంప్యూటర్లకు సొంత అప్‌డేట్ సర్వర్: మొదటి నుంచి చివరి దాకా

ప్రతి నెలా రెండో మంగళవారం మైక్రోసాఫ్ట్ భద్రతా అప్‌డేట్లు విడుదల చేస్తుంది. ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లో ఆఫీసులో ఇంటర్నెట్ నత్తనడక నడుస్తుంది, వీడియో కాల్స్ మధ్యలో ఆగిపోతాయి, "నెట్ ఏమైంది" అంటూ అందరూ మీ దగ్గరికే వస్తారు. లెక్క వేసి చూస్తే కారణం సులువుగా తెలుస్తుంది. ఒక అప్‌డేట్ 800 ఎంబీ ఉందనుకుందాం, 60 కంప్యూటర్లు ఉన్నాయనుకుందాం, మొత్తం 48 జీబీ. 50 ఎంబీపీఎస్ లైన్ మొత్తాన్ని దానికే వదిలేసినా రెండు గంటలు దాటుతుంది. అదే ఫైలును ఒక్కసారి దించి లోపలి నెట్‌వర్క్‌లో పంచితే బయటి లైన్ మీద పడే భారం ఆ 800 ఎంబీ మాత్రమే.

చాలామంది ఈ పొదుపు కోసమే సొంత సర్వర్ పెడతారు. నా దృష్టిలో అది రెండో లాభం. ఏ అప్‌డేట్ ఎవరికి ఎప్పుడు వెళ్లాలో నిర్ణయించే అధికారం మీ చేతికి రావడమే అసలు లాభం, అసలు బరువు కూడా అదే. 2017 మే 12న ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ వన్నాక్రై ప్రపంచమంతా వ్యాపించినప్పుడు, అది వాడుకున్న లోపానికి మందు అదే ఏడాది మార్చి 14నే వచ్చి ఉంది. వేయని చోట్ల దెబ్బ తగిలింది. ఇంకోవైపు 2024 జులై 19న భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక తప్పు అప్‌డేట్ వల్ల దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు బ్లూ స్క్రీన్‌లో ఇరుక్కున్నాయి. అది విండోస్ అప్‌డేట్ కాదు, ఈ సర్వర్ గుండా వచ్చేదీ కాదు, కానీ అందరికీ ఒకేసారి పంపితే ఏం జరుగుతుందో చూపించింది. ఆలస్యమైతే ఒక ప్రమాదం, తొందరపడితే ఇంకో ప్రమాదం. ఈ రెండింటి మధ్య దారి వేసుకోవడానికే ఈ సర్వర్.

ఒక విషయం ముందే చెప్పాలి, ఎందుకంటే నేను దీన్ని కళ్లారా చూశాను. ఒక ఆఫీసులో సర్వర్ చక్కగా నడుస్తోంది, సింక్ (మైక్రోసాఫ్ట్ నుంచి కొత్త అప్‌డేట్ల జాబితా తెచ్చుకోవడం) రోజూ జరుగుతోంది, కంప్యూటర్లన్నీ 'మీది తాజాగా ఉంది' అని పచ్చ టిక్ చూపిస్తున్నాయి. తీరా కన్సోల్ (ఈ సర్వర్‌ను నడిపే తెర) తెరిచి చూస్తే ఎనిమిది నెలలుగా ఎవరూ ఒక్క అప్‌డేట్ కూడా అప్రూవ్ చేయలేదు. సర్వర్ ఏమీ ఇవ్వడం లేదు కాబట్టి, ఇంకేమీ రావాల్సింది లేదని కంప్యూటర్లు అనుకున్నాయి. అలాంటి సర్వర్ ఉండటం కన్నా అసలు లేకపోవడమే నయం. నెలకు కనీసం రెండు గంటలు దీనికి కేటాయించగలిగితేనే మొదలుపెట్టండి.

ఏ దారి పట్టాలి

విండోస్ కంప్యూటర్లకు ఈ పని చేసేది విండోస్ సర్వర్ అప్‌డేట్ సర్వీసెస్, అందరూ డబ్ల్యూసస్ అంటారు. విండోస్ సర్వర్‌లో భాగంగానే వస్తుంది, విడిగా కొనక్కర్లేదు. అయితే 2024 సెప్టెంబర్‌లో మైక్రోసాఫ్ట్ దీన్ని 'డిప్రికేటెడ్' జాబితాలో చేర్చింది. అంటే కొత్త సౌకర్యాలు ఇక రావు. పనిచేయడం ఆగలేదు, విండోస్ సర్వర్ 2025లో కూడా ఉంది, అప్‌డేట్లు దీని ద్వారా వస్తూనే ఉన్నాయి.

మరి ఇప్పుడు కొత్తగా పెట్టుకోవచ్చా? మీ కంప్యూటర్లు ఎక్కువగా ఆఫీసులోనే కదలకుండా ఉండేవైతే, లేదా కొన్నింటికి అసలు ఇంటర్నెట్టే ఇవ్వకూడదనుకుంటే, పెట్టుకోండి. ఇంట్లోనూ ప్రయాణాల్లోనూ తిరిగే ల్యాప్‌టాప్‌లే ఎక్కువైతే మాత్రం దీని జోలికి పోకండి. వాటిని నేరుగా మైక్రోసాఫ్ట్ నుంచే తీసుకోనిచ్చి, 'అప్‌డేట్‌ను ఇన్ని రోజులు వాయిదా వెయ్యి' అనే పాలసీలు పెట్టి, ఆఫీసులో ఉన్నప్పుడు పక్క కంప్యూటర్ నుంచి ముక్కలు తెచ్చుకునే డెలివరీ ఆప్టిమైజేషన్ ఆన్ చేస్తే సరిపోతుంది. రెండు రకాలూ ఉంటే విడివిడిగా చూడండి, అన్నింటినీ ఒకే గాటన కట్టొద్దు.

మెషీన్ సిద్ధం చేయడం

మైక్రోసాఫ్ట్ చెప్పే కనీస లెక్క చిన్నదే: సర్వర్‌కు మామూలుగా కావాల్సిన మెమరీ మీద ఇంకో 2 జీబీ, డిస్క్‌లో 40 జీబీ. ఈ లెక్కతో మొదలుపెడితే ఏడాది తిరిగేలోపు ఇబ్బంది పడతారు. నా సలహా: మెమరీ 8 జీబీకి తగ్గకూడదు, అప్‌డేట్ ఫైళ్ల కోసం విడిగా ఒక డ్రైవ్ ఉండాలి, అది 200 జీబీ నుంచి మొదలైతే మంచిది. సీ డ్రైవ్‌లో మాత్రం ఈ ఫైళ్లు వద్దు. అది నిండితే అప్‌డేట్లతో పాటు సర్వర్ మొత్తం కూలబడుతుంది. వర్చువల్ మెషీన్ అయినా పర్వాలేదు. డొమైన్ కంట్రోలర్ (ఆఫీసులో అందరి లాగిన్లూ చూసుకునే సర్వర్) మీద మాత్రం పెట్టకండి, రెండింటినీ ఒకేచోట కలిపితే ఒకదాని జబ్బు రెండోదానికి అంటుకుంటుంది.

ఇప్పుడే ఇంకో చిన్న పని చేసుకోండి. డీఎన్ఎస్‌లో ఈ సర్వర్‌కు ఒక అలియాస్ పేరు (మారుపేరు) పెట్టి, కంప్యూటర్లకు ఎప్పుడూ ఆ పేరే ఇవ్వండి. మూడేళ్ల తర్వాత సర్వర్ మార్చాల్సి వచ్చినప్పుడు ఒక్క డీఎన్ఎస్ వరుస మారిస్తే చాలు.

ఇన్‌స్టాల్ చేయడం

సర్వర్ మేనేజర్‌లో 'యాడ్ రోల్స్ అండ్ ఫీచర్స్' తెరిచి విండోస్ సర్వర్ అప్‌డేట్ సర్వీసెస్‌కు టిక్ పెట్టండి. దానికి కావాల్సిన ఐఐఎస్ (మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వర్) తనంతట తనే చేరుతుంది. డేటాబేస్ ఏది కావాలని అడుగుతుంది. ఒక మామూలు ఆఫీసుకు విండోస్ ఇంటర్నల్ డేటాబేస్ సరిపోతుంది. ఎస్‌క్యూఎల్ ఎక్స్‌ప్రెస్ వాడాలనిపిస్తే 2022 దాకా వచ్చిన వెర్షన్లలో దానికి ఒక డేటాబేస్‌కు 10 జీబీ హద్దు ఉందని గుర్తుంచుకోండి. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఇప్పటికే ఉండి, దాన్ని చూసుకునే మనిషి కూడా ఉంటేనే అటు వెళ్లండి. తర్వాత ఫైళ్లు ఎక్కడ పెట్టాలో అడుగుతుంది, విడిగా పెట్టుకున్న డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ చూపించండి.

రోల్ చేరాక సర్వర్ మేనేజర్ పైన పసుపు త్రిభుజం కనిపిస్తుంది, అందులో 'పోస్ట్ ఇన్‌స్టాలేషన్ టాస్క్స్' నొక్కాలి. ఇది మరచిపోయి కన్సోల్ తెరవట్లేదని గంటలు పోగొట్టుకునేవాళ్లు చాలామంది.

ఇక అందరూ దాటవేసే మెట్టు. కంప్యూటర్లను కలపకముందే ఐఐఎస్ మేనేజర్ తెరిచి, అప్లికేషన్ పూల్స్‌లో డబ్ల్యూసస్‌పూల్ అనేదాని 'అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్'కు వెళ్లండి. ప్రైవేట్ మెమరీ లిమిట్ 18,43,200 కేబీ, అంటే దాదాపు 1.8 జీబీ అని ఉంటుంది. కంప్యూటర్లన్నీ మొదటిసారి ఒక్కుమ్మడిగా వచ్చి కేటలాగ్ అడిగేసరికి ఈ హద్దు దాటిపోయి, పూల్ ఆగిపోయి, కన్సోల్‌లో 'రీసెట్ సర్వర్ నోడ్' అన్న బటన్ తప్ప ఇంకేమీ కనిపించకుండా పోతుంది. ఆ హద్దును 0 చేయండి, అంటే హద్దు లేదని అర్థం. అలాగే క్యూ లెంగ్త్ 1000 నుంచి 2000కు, ఐడిల్ టైమ్‌అవుట్ 0కు, రెగ్యులర్ టైమ్ ఇంటర్వెల్ 0కు మార్చి, పింగ్ ఎనేబుల్డ్ అన్నచోట ఫాల్స్ పెట్టండి. ఐదు నిమిషాల పని. డబ్ల్యూసస్ మీద నేను విన్న ఫిర్యాదుల్లో సగానికి సగం ఇది చేయకపోవడం వల్ల వచ్చినవే.

ఐఐఎస్‌లో ఉండగానే 'మైమ్ టైప్స్' (ఐఐఎస్ పంపగల ఫైల్ రకాల జాబితా) కూడా ఒకసారి చూడండి. ఎంఎస్‌యూ, విమ్ అనే రెండు ఫైల్ రకాలు అక్కడ లేకపోతే చేర్చండి. విండోస్ 11 కొత్త వెర్షన్ల అప్‌డేట్లు ఈ రకం ఫైళ్లుగా వస్తాయి, ఐఐఎస్‌కు ఆ రకం తెలియకపోతే ఫైల్ డిస్క్‌లో ఉన్నా 'దొరకలేదు' అనే చెబుతుంది.

తక్కువ ఎంచుకోవడం నేర్చుకోండి

మొదటిసారి కన్సోల్ తెరిస్తే విజార్డ్ వస్తుంది. అప్‌స్ట్రీమ్ (అప్‌డేట్లు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి) అన్నచోట మైక్రోసాఫ్ట్ అప్‌డేట్‌నే ఉంచండి. బయటికి వెళ్లడానికి ప్రాక్సీ ఉంటే వివరాలు ఇవ్వండి, ఫైర్‌వాల్‌లో ఈ సర్వర్ నుంచి బయటికి 80, 443 పోర్టులు మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ చిరునామాలకు తెరిచి ఉండాలి. 'స్టార్ట్ కనెక్టింగ్' నొక్కితే ఉత్పత్తుల జాబితా తెచ్చుకుంటుంది, ఓపిక పట్టండి.

ఆ తర్వాత అడిగే మూడు ప్రశ్నల మీదే ఈ సర్వర్ భవిష్యత్తు ఆధారపడి ఉంటుంది.

భాషలు: మీ కంప్యూటర్లలో విండోస్ ఏ భాషలో ఉందో అది మాత్రమే. అన్ని భాషలూ అని వదిలేస్తే డిస్క్ అవసరం తడిసి మోపెడవుతుంది.

ఉత్పత్తులు: జాబితా చాంతాడంత ఉంటుంది. మీ దగ్గర ఉన్నవి మాత్రమే టిక్ పెట్టండి. విండోస్ 11, డిఫెండర్ యాంటీవైరస్, మీ సర్వర్ల వెర్షన్. విండోస్ 10 ఇంకా ఉంటే '1903 అండ్ లేటర్' అని ఉన్న వరుస కావాలి, ఉత్త 'విండోస్ 10' అన్నది పాత వెర్షన్లది. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసిందన్నది కూడా లెక్కలో పెట్టుకోండి, ఆ కంప్యూటర్లకు ఈ సర్వర్ పరిష్కారం కాదు. ఇంకో మాట: ఆఫీస్ 2019, ఆ తర్వాతవి, మైక్రోసాఫ్ట్ 365 యాప్స్ ఇవన్నీ క్లిక్-టు-రన్ పద్ధతిలో వస్తాయి, ఒక్క డబ్ల్యూసస్‌తోనే అవి అప్‌డేట్ కావు. వాటి ఫైళ్లను ఆఫీస్ డిప్లాయ్‌మెంట్ టూల్‌తో నెట్‌వర్క్ ఫోల్డర్‌లోకి దించి, అక్కడి నుంచి తీసుకోమని చెప్పాలి.

వర్గాలు: క్రిటికల్, సెక్యూరిటీ, డెఫినిషన్ (డిఫెండర్ కొత్త వైరస్‌లను గుర్తుపట్టే వివరాలు), అప్‌డేట్ రోలప్స్. ఈ నాలుగుతో మొదలుపెట్టండి. డ్రైవర్లకు టిక్ పెట్టకండి. డేటాబేస్‌ను వేల కొద్దీ వరుసలతో నింపేసేవి అవే, పైగా ప్రింటర్ డ్రైవర్‌నో గ్రాఫిక్స్ డ్రైవర్‌నో మీరు కోరకుండానే మార్చే ప్రమాదం ఉంది. విండోస్ కొత్త వెర్షన్‌కు మారాలనుకున్న నెలలో 'అప్‌గ్రేడ్స్'కు టిక్ పెట్టి, పని అయ్యాక తీసేయండి.

తర్వాత ఆప్షన్స్‌లో 'అప్‌డేట్ ఫైల్స్ అండ్ లాంగ్వేజెస్' తెరిచి, అప్రూవ్ చేసినప్పుడే ఫైళ్లు దించమనే టిక్ ఉందో లేదో సరిచూసుకోండి. ఎక్స్‌ప్రెస్ ఇన్‌స్టలేషన్ ఫైల్స్ అనేది ఉంటుంది, దానివల్ల కంప్యూటర్లకు వెళ్లే భాగం తగ్గుతుంది కానీ సర్వర్ దించుకునేది ఎన్నో రెట్లు పెరుగుతుంది. వద్దు. సింక్ రోజుకు ఒక్కసారి, ఆఫీసు ఖాళీగా ఉండే వేళకు పెట్టండి. డిఫెండర్ డెఫినిషన్లు కూడా దీని నుంచే ఇస్తున్నట్లయితే రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టుకోవచ్చు. మొదటి సింక్ గంటల తరబడి సాగుతుంది, ఆగిపోయిందనుకుని టెన్షన్ పడి మధ్యలో రద్దు చేయకండి.

కంప్యూటర్లను గుంపులుగా విడదీయడం

నేను మూడు గుంపులు పెడతాను: పరీక్ష, సాధారణం, ఆఖరు. ఆఖరు గుంపులో జీతాల కంప్యూటరు, బిల్లింగ్, ఆగితే మొత్తం పని ఆగే యంత్రాలు.

పరీక్ష గుంపులో ఎవరిని పెట్టాలన్నది బాగా ఆలోచించండి. ఐటీ వాళ్ల కంప్యూటర్లే పెట్టుకుంటే ఏమీ తేలదు, ఎందుకంటే వాళ్లు ఆఫీసు సాఫ్ట్‌వేర్ వాడేదే తక్కువ. ప్రతి విభాగం నుంచి ఒక్కటి తీసుకోండి, రోజంతా ప్రింట్లు తీసే కంప్యూటర్ ఒకటి ఉండాలి, స్కానర్ తగిలించింది ఒకటి, అన్నింటికన్నా పాతది ఒకటి. ప్రింటింగ్ గురించి ఎందుకు ఇంతగా చెబుతున్నానంటే, 2021లో ప్రింట్‌నైట్‌మేర్ లోపానికి వచ్చిన మార్పులతో, ఆగస్టు నుంచి ప్రింటర్ డ్రైవర్ చేర్చడానికి అడ్మిన్ హక్కులు తప్పనిసరయ్యాయి, దాంతో ఎన్నో ఆఫీసుల్లో ప్రింటర్లు పనిచేయడం మానేశాయి. భద్రతకు అది అవసరమైన మార్పే. కానీ ఆ సంగతి ముందు ఐదుగురికి తెలిస్తే సర్దుకోవచ్చు, అరవై మందికి ఒకే పొద్దున తెలిస్తే కష్టం. పరీక్ష గుంపులో ఉన్నవాళ్లకు ఆ విషయం చెప్పండి, ఏదైనా తేడాగా అనిపిస్తే వెంటనే చెప్పమని అడగండి.

కన్సోల్‌లో ఆప్షన్స్, ఆ కింద 'కంప్యూటర్స్' అన్నచోట గుంపు ఎవరు నిర్ణయించాలో అడుగుతుంది. కంప్యూటర్లు తక్కువైతే కన్సోల్‌లోనే చేత్తో మార్చుకోండి. ఎక్కువైతే గ్రూప్ పాలసీకి (అన్ని కంప్యూటర్లకూ సెట్టింగులు ఒకేచోటి నుంచి పంపే పద్ధతి) వదిలేయండి. కానీ అప్పుడు ఇక్కడ సెట్టింగ్ మార్చాలి, పాలసీలో 'క్లయింట్ సైడ్ టార్గెటింగ్' ఆన్ చేయాలి, అక్కడ రాసిన గుంపు పేరు ఇక్కడి పేరుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఈ మూడింటిలో ఒక్కటి తప్పినా కంప్యూటర్లన్నీ 'అనసైన్డ్'లోనే ఉండిపోతాయి.

గ్రూప్ పాలసీ

కంప్యూటర్ కాన్ఫిగరేషన్, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, విండోస్ కాంపొనెంట్స్, విండోస్ అప్‌డేట్. కొత్త టెంప్లేట్లలో ఇవి లోపల ఉప ఫోల్డర్లుగా విడిపోయి ఉంటాయి, కాస్త వెతుక్కోవాలి.

మొదటిది, లోపలి అప్‌డేట్ సర్వీస్ చిరునామా చెప్పే పాలసీ. అందులో అప్‌డేట్ సర్వీస్, స్టాటిస్టిక్స్ సర్వర్ అని రెండు పెట్టెలు ఉంటాయి. రెండింటిలోనూ ఒకే చిరునామా రాయండి: సర్వర్ పేరు, దాని తర్వాత కోలన్, ఆపైన 8530. పోర్టు నంబర్ మరచిపోతే కంప్యూటర్లు 80కి వెళ్లి అక్కడ ఎవరూ లేక తిరిగొస్తాయి. అన్నింటికన్నా ఎక్కువగా జరిగే తప్పు ఇదే.

రెండోది 'కాన్ఫిగర్ ఆటోమేటిక్ అప్‌డేట్స్'. ఇందులో 4 ఎంచుకుంటే దానంతట అదే దించుకుని మీరు చెప్పిన వేళకు వేస్తుంది. ఆ వేళ రాత్రి మూడుకు పెడితే, సాయంత్రం అందరూ కంప్యూటర్లు ఆపేసి వెళ్లే ఆఫీసులో అది ఎప్పటికీ జరగదు. భోజన విరామం మంచి సమయం. రీస్టార్ట్ కోసం గడువు పెట్టే పాలసీ కూడా తప్పకుండా పెట్టండి, రెండు మూడు రోజుల గడువు ఇవ్వండి. రీస్టార్ట్ కాని కంప్యూటర్లో అప్‌డేట్ వేసినా లోపం అలాగే ఉంటుంది, 'తర్వాత గుర్తుచెయ్' నొక్కుతూ నెలలు గడిపేవాళ్లు ప్రతి ఆఫీసులో ఉంటారు.

మూడోది, ఇంటర్నెట్‌లోని విండోస్ అప్‌డేట్ చిరునామాలకు వెళ్లకూడదనే పాలసీ. పెట్టే ముందు రెండుసార్లు ఆలోచించండి. ఇది ఆన్ చేస్తే మైక్రోసాఫ్ట్ స్టోర్ లాంటివి కూడా ఆగవచ్చు. దీనికి బదులు, వాయిదా పాలసీలు ఏవీ ఈ కంప్యూటర్ల మీద లేకుండా చూసుకోండి. డబ్ల్యూసస్ చిరునామా, వాయిదా పాలసీ రెండూ కలిసి ఉంటే విండోస్ 10లో కంప్యూటర్ రెండు చోట్లా వెతికి, మీరు అప్రూవ్ చేయనిది కూడా బయటి నుంచి తెచ్చుకునేది. దాన్ని డ్యూయల్ స్కాన్ అంటారు, చాలామందిని బాగా ఇబ్బంది పెట్టింది.

డొమైన్ లేని ఆఫీసైతే ఇవే సెట్టింగులు ఒక్కో కంప్యూటర్లో లోకల్ గ్రూప్ పాలసీ ఎడిటర్‌లో పెట్టుకోవచ్చు. హోమ్ ఎడిషన్‌లో ఆ ఎడిటర్ ఉండదు.

పాలసీ ముందు ఒక్క కంప్యూటర్‌కే తగిలించండి. అక్కడ పాలసీ రిఫ్రెష్ చేసి, సెట్టింగ్స్‌లో 'చెక్ ఫర్ అప్‌డేట్స్' నొక్కి ఆగండి. కన్సోల్‌లో పేరు కనిపించడానికి కొన్ని నిమిషాలు, పూర్తి రిపోర్ట్ రావడానికి ఇంకాస్త ఎక్కువ పడుతుంది. మామూలుగా ప్రతి కంప్యూటర్ 22 గంటలకోసారి వచ్చి అడుగుతుంది కాబట్టి, మిగతావి ఒకటి రెండు రోజుల్లో వాటంతట అవే చేరుతాయి.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. ఒకే డిస్క్ ఇమేజ్ నుంచి కాపీ చేసిన కంప్యూటర్లు ఉంటే, వాటన్నింటికీ ఒకే సస్ క్లయింట్ ఐడీ (సర్వర్ ఒక్కో కంప్యూటర్‌ను గుర్తుపట్టే సంకేతం) ఉండే అవకాశం ఉంది. నలభై కంప్యూటర్లు పెడితే కన్సోల్‌లో ఏడే కనిపిస్తాయి, అది కూడా రోజుకో పేరు కనిపించి మాయమవుతుంది. మొదటిసారి ఇది చూసినప్పుడు నెట్‌వర్క్ సమస్య అనుకుని నేను రెండు రోజులు కేబుళ్లు, స్విచ్‌లు వెతికాను. పరిష్కారం మాత్రం చిన్నదే: ఆ కంప్యూటర్లో విండోస్ అప్‌డేట్ సర్వీస్ ఆపి, రిజిస్ట్రీలో విండోస్ అప్‌డేట్ కింద ఉన్న సస్‌క్లయింట్‌ఐడీ, దాని పక్కనే ఉన్న సస్‌క్లయింట్‌ఐడీవాలిడేషన్ అనే రెండు విలువలూ తొలగించి, సర్వీస్ మళ్లీ మొదలుపెట్టడం.

భద్రత: ఈ సర్వర్‌నే ఎవరైనా పట్టుకుంటే?

అన్ని కంప్యూటర్లూ నమ్మే సర్వర్ ఇది. అంటే దొంగకు కూడా ఇదే కావాలి. 2025 అక్టోబర్‌లో డబ్ల్యూసస్‌లోనే సీవీఈ-2025-59287 అనే లోపం బయటపడింది, తీవ్రత 10కి 9.8. లాగిన్ కూడా లేకుండా దూరం నుంచి సర్వర్‌ను లొంగదీసుకునే రకం. నెల అప్‌డేట్‌లో ఇచ్చిన మందు చాలక, అక్టోబర్ 23న మైక్రోసాఫ్ట్ ప్రత్యేకంగా ఇంకో అప్‌డేట్ ఇవ్వాల్సి వచ్చింది, ఆ వెంటనే దాడులు మొదలయ్యాయి. అందుకని 8530, 8531 పోర్టులు ఇంటర్నెట్ వైపు ఎప్పుడూ తెరవకండి, ఏ కారణానికీ తెరవకండి. సర్వర్‌ను కూడా తన అప్‌డేట్లు తను వేసుకునేలా చూడండి, అందరికీ పంచుతూ దీన్ని మాత్రం మరచిపోవడం మామూలుగా జరిగేదే.

రెండో జాగ్రత్త హెచ్‌టీటీపీఎస్. అప్‌డేట్ ఫైళ్లకు మైక్రోసాఫ్ట్ సంతకం ఉంటుంది కాబట్టి మామూలు హెచ్‌టీటీపీ చాలదా అనిపిస్తుంది. చాలదు. మధ్యలో కూర్చున్నవాడు ఫైలును కాకుండా దాని వివరాలను మార్చి, మైక్రోసాఫ్ట్ సంతకం ఉన్న వేరే ప్రోగ్రామ్‌ను తనకు కావాల్సిన ఆదేశాలతో నడిపించగలడని 2015లోనే పరిశోధకులు చేసి చూపించారు. సర్వర్ పూర్తి పేరుతో ఒక సర్టిఫికెట్ తీసుకుని (కంప్యూటర్లకు ఇచ్చిన అలియాస్ పేరు కూడా అందులో ఉండాలి) ఐఐఎస్‌లో 8531కి తగిలించండి. ఏపీఐరిమోటింగ్30, క్లయింట్‌వెబ్‌సర్వీస్, డీఎస్ఎస్ఆథ్‌వెబ్‌సర్వీస్, సర్వర్‌సింక్‌వెబ్‌సర్వీస్, సింపుల్‌ఆథ్‌వెబ్‌సర్వీస్ అనే ఐదు ఫోల్డర్లకు మాత్రం ఎస్ఎస్ఎల్ తప్పనిసరి చేయండి. కంటెంట్ ఫోల్డర్‌కు చేయకండి, ఫైళ్లు 8530 మీదే వెళ్తాయి. తర్వాత డబ్ల్యూసస్‌యుటిల్ ప్రోగ్రామ్‌ను 'కాన్ఫిగర్‌ఎస్ఎస్ఎల్' ఆదేశంతో, సర్వర్ పేరు ఇచ్చి నడపండి. చివరగా పాలసీలో చిరునామాను హెచ్‌టీటీపీఎస్‌కూ 8531కీ మార్చండి.

నెలనెలా చేయాల్సిన పని

డిఫెండర్ డెఫినిషన్లను అందరికీ ఆటోమేటిక్‌గా అప్రూవ్ చేసే రూల్ పెట్టండి, అవి ఆగకూడదు. సెక్యూరిటీ, క్రిటికల్ రెండూ పరీక్ష గుంపుకు ఆటోమేటిక్. మిగతాది మీ చేతుల్లో.

అంటే రెండో మంగళవారం తర్వాత పరీక్ష గుంపుకు వాటంతట అవే వెళ్తాయి. నాలుగైదు పనిదినాలు చూడండి, ఆ మనుషుల్ని అడగండి, అంతా బాగుంటే సాధారణానికి అప్రూవ్ చేయండి, ఇంకో రెండు రోజులకు ఆఖరు గుంపుకు. దాడులు అప్పటికే జరుగుతున్న లోపమని మైక్రోసాఫ్ట్ చెప్పిన నెలలో మాత్రం అంతసేపు ఆగకండి, పరీక్ష ఒక్కరోజు చాలు. చిన్న ఇబ్బంది సర్దుకోవచ్చు, రాన్సమ్‌వేర్ వస్తే సర్దుకోలేం.

అప్రూవ్ చేసేటప్పుడు జాబితాను 'అనప్రూవ్డ్', 'ఫెయిల్డ్ ఆర్ నీడెడ్' అని వడగట్టండి. అప్పుడు మీ కంప్యూటర్లకు నిజంగా కావాల్సినవే కనిపిస్తాయి, వేలు కాస్తా పదుల్లోకి దిగుతాయి.

శుభ్రం చేయడం కూడా నెలనెలా జరగాలి. ఆప్షన్స్‌లో సర్వర్ క్లీనప్ విజార్డ్ ఉంది. గడువు తీరినవి, కొత్తవి వచ్చాక అక్కర్లేనివి, 30 రోజులుగా కనిపించని కంప్యూటర్లు, వాడని ఫైళ్లు, అన్నీ తీసేస్తుంది. ఏడాది పాటు పట్టించుకోకుండా ఒక్కసారిగా నడిపితే మధ్యలో టైమ్‌అవుట్ అయి ఆగిపోతుంది. అలాంటప్పుడు ఒక్కో టిక్ మాత్రమే పెట్టి, ఆగినా మళ్లీ మళ్లీ నడపండి, ప్రతిసారీ కొంత ముందుకు వెళ్తుంది. ఇదే పనికి పవర్‌షెల్‌లో ఇన్వోక్-డబ్ల్యూసస్‌సర్వర్‌క్లీనప్ అనే ఆదేశం ఉంది, దాన్ని టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టేస్తే మరచిపోయే అవకాశమే ఉండదు. డేటాబేస్ ఇండెక్సులను కూడా అప్పుడప్పుడు మళ్లీ కట్టాలి, లేకపోతే కన్సోల్ రోజురోజుకూ మందగిస్తుంది.

పనిచేయనప్పుడు

ముందు కంప్యూటర్ నుంచి సర్వర్ పోర్టు అందుతోందా చూడండి, పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్‌తో పది సెకన్లలో తెలుస్తుంది. అందుతుంటే లోపం నంబర్ చూడండి. 80244022 అంటే సర్వర్ 503 (ఇప్పుడు అందుబాటులో లేదు) ఇస్తోంది, దాదాపు ఎప్పుడూ పైన చెప్పిన డబ్ల్యూసస్‌పూల్ ఆగిపోవడమే. 80244019 అంటే 404, ఫైల్ దొరకలేదు: మైమ్ రకాలు చూడండి, అవి సరిగా ఉంటే సర్వర్‌లో డబ్ల్యూసస్‌యుటిల్ 'రీసెట్' నడపండి, ఏ ఫైళ్లు లేవో తనే వెతికి మళ్లీ దించుకుంటుంది. ఇంకా లోతుగా చూడాలంటే కంప్యూటర్లో గెట్-విండోస్‌అప్‌డేట్‌లాగ్ నడిపితే డెస్క్‌టాప్ మీద ఒక లాగ్ ఫైల్ వస్తుంది, అందులో అది ఏ సర్వర్ చిరునామాకు వెళ్తోందో ముందు చూడండి. చాలాసార్లు సమాధానం అక్కడే ఉంటుంది.

లైనక్స్, మ్యాక్ ఉంటే

ఉబుంటు, డెబియన్ కంప్యూటర్లకు మొత్తం భాండాగారాన్ని మిర్రర్ చేయాలని చూడకండి, వందల జీబీలు పడుతుంది, అందులో మీరు వాడేది పిసరంత. ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ పెట్టండి. ఇది ఎవరైనా ఒకరు అడిగిన ప్యాకేజీని దించి దాచుకుని, తర్వాత అడిగినవాళ్లకు తన దగ్గరి నుంచే ఇస్తుంది. 3142 పోర్టులో పనిచేస్తుంది, కంప్యూటర్లలో ఆప్ట్ ప్రాక్సీ సెట్టింగ్‌గా ఈ చిరునామా ఒక్క వరుస రాస్తే చాలు. ప్యాకేజీల జాబితాలకు జీపీజీ సంతకం ఉంటుంది, మధ్యలో ఎవరైనా మార్చితే ఆప్ట్ ఒప్పుకోదు. హెచ్‌టీటీపీఎస్ భాండాగారాలు మాత్రం మామూలుగా దీనిలో నిల్వ కావు, వాటికి విడిగా సెట్టింగ్ రాయాలి. రెడ్‌హ్యాట్ కుటుంబమైతే డీఎన్ఎఫ్ రెపోసింక్‌తో కావాల్సిన రెపోలు మాత్రమే దించుకుని ఒక వెబ్ సర్వర్ ద్వారా ఇవ్వవచ్చు.

మ్యాక్‌లకు విడి సర్వర్ అక్కర్లేదు. ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఒక మ్యాక్‌లో షేరింగ్ సెట్టింగ్స్ కింద 'కంటెంట్ క్యాషింగ్' ఆన్ చేస్తే మిగతావి దాన్ని వాటంతట అవే కనుక్కుంటాయి. హై సియెరా నుంచి ఇది మ్యాక్‌ఓఎస్‌లోనే ఉంది.

తీసేయాల్సి వస్తే

ఏదో ఒకరోజు ఈ సర్వర్‌ను ఆపి వేరే పద్ధతికి మారతారు. అప్పుడు సర్వర్ ముందు ఆపకండి. ముందు పాలసీ తీసేయండి, కంప్యూటర్లన్నీ నేరుగా మైక్రోసాఫ్ట్‌కు వెళ్తున్నాయని ఒక వారం పాటు గమనించండి, చాలాకాలంగా ఆఫ్‌లో ఉన్నవాటిని, సెలవులో ఉన్నవాళ్ల ల్యాప్‌టాప్‌లను ఆన్ చేయించి చూడండి, ఆ తర్వాతే సర్వర్ ఆపండి. పాలసీ మిగిలిపోయిన కంప్యూటర్ లేని సర్వర్‌నే వెతుకుతూ ఉంటుంది, ఒక్క అప్‌డేట్ కూడా తెచ్చుకోదు, కన్సోల్ కూడా పోయింది కాబట్టి ఆ సంగతి మీకు చెప్పేవాళ్లూ ఉండరు.